రాములవ్వ సర్‌ప్లస్

రాములవ్వ పుట్టింది జక్రాన్‌పల్లిలో, పసుపు పండించే ఇంట్లో. చలి తగ్గే రోజుల్లో పొలం గట్టున పొయ్యి తవ్వి, ఇనప కడాయి ఎక్కించి, కొమ్ములు పోసి, పైన తడి గోనెసంచులు కప్పి ఉడకబెట్టేవాళ్ళు. కొమ్ము ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడడం ఆ ఇంట్లో ఆడపిల్లల పని. పుల్ల ఎక్కడా ఆగకుండా దిగిందంటే మంట తీసేయాలి. ఆ పనిలో రాములవ్వ అంచనా తప్పదని వాళ్ళ బాపు నలుగురిలో చెప్పుకునేవాడు.

పెండ్లి చేసుకుని బోధన్ దగ్గరి చెరుకు ఊరికి వచ్చాక ఆ అంచనాతో పని లేకపోయింది. ఇక్కడ రైతు ఉడకబెట్టేదీ లేదు, వండేదీ లేదు. చెరుకు నరకాలి, బండికెత్తాలి, ఫ్యాక్టరీ గేటు దాకా తోలాలి. ఆ తర్వాత జరిగేదంతా గోడల అవతల జరుగుతుంది. చక్కెర ఎట్లా అవుతుందో ఆ ఊళ్ళో సగం మంది కళ్ళతో చూడలేదు.

పెనిమిటి పోయిన తర్వాత ఆమె అతని చెరుకు మడిని వదల్లేదు. ఆడమనిషి కూరగాయలు పెట్టుకోవచ్చు గాని చెరుకెట్లా చేస్తుందని మరిది భూమన్న మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. భూమన్న చెడ్డవాడు కాదు. అన్న పోయిన రోజునుంచి వదిన ఇంటికి ధాన్యం లోటు రానీయలేదు. కాని మడి మాత్రం తన చేతికింద ఉంటేనే బాగుంటుందని అతని నమ్మకం. మూడో పంట వేసేటప్పుడు పెద్దమనుషుల ముందు మాట తీసుకున్నాడు. ఈ సారి చెరుకు ఎండిపోకుండా, పాడు కాకుండా మడి దాటిందా సరే, లేకుంటే వచ్చే ఏటినుంచి దున్నేది తను, ఇంట్లో కూర్చుని తినేది ఆమె. రాములవ్వ అందరి ముందే తలూపింది. పంట బాగా వచ్చిన ఏడు కాబట్టి ధైర్యంగానే ఊపింది.

బాగా రావడమే కష్టమైంది. కరువు పోయి వానలు పడ్డాయి, నిజాంసాగర్ కాలువ నిండుగా పారింది, చూసినవాడల్లా చెరుకే పెట్టాడు. డెబ్బై అయిదో సంవత్సరం శివరాత్రి దాటేసరికి బోధన్ రోడ్డు మీద బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. ఎడ్లు రోడ్డు మీదే మేసి, రోడ్డు మీదే పడుకుంటున్నాయి. మడుల్లో ఇంకా నరకని చెరుకు నిలబడే ఉంది.

నరకడానికి ఎవరి ఇష్టం వారిది కాదు. ఆ ఊరు ఫ్యాక్టరీకి రిజర్వు చేసిన ఊరు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వస్తేనే కొడవలి పెట్టాలి. ఆర్డర్ రాకపోయినా చెరుకు ఇంకెవరికీ అమ్మకూడదు, గానుగలో వేసి బెల్లం వండుకోకూడదు. ఆర్డర్లు చెప్పడానికి రామస్వామి అనే ఫీల్డ్‌మన్ సైకిలు మీద వచ్చేవాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎండకు కమిలిన మెడ, ఎవరింట్లో ఏం పెట్టినా తినకుండా నీళ్ళు మాత్రం తాగేవాడు. 

ఇక్కడొక పద్ధతి ఉంది. ఆర్డర్ వచ్చిన ఇంటివాళ్ళు మొదటి బండి కదిలే ముందు ఎడ్ల కొమ్ములకు పసుపు దారం కట్టి, చక్రం ముందు కొబ్బరికాయ కొడతారు. వాడకట్టు ఆడవాళ్ళంతా గడపల్లోకి వచ్చి చూస్తారు. ఫలానావాళ్ళ బండి పోయిందని ఆ రోజంతా చెప్పుకుంటారు. బండి పోని ఇల్లంటే పెండ్లిచూపులకు ఎవరూ రాని ఇల్లు లాంటిది. బయటికి ఎవరూ ఏమీ అనరు. లోపల అనుకుంటారు.

అందుకే రామస్వామి ఒక పొద్దున చావడి దగ్గర సైకిలు ఆపి ఒక మాట చెప్పినప్పుడు అందరి ముఖాలూ మాడిపోయాయి. ఫ్యాక్టరీ ఎంత ఆడినా ఈ చెరుకంతా ఎండాకాలం లోపల అయ్యేది కాదని, కాలువ అవతలి మడులు కొన్ని సర్‌ప్లస్ అని రాయవలసి వస్తుందని చెప్పాడు. సర్‌ప్లస్ అంటే ఏందని అడిగారు. ఫ్యాక్టరీ తీసుకోదన్నాడు. అంతకంటే ఎక్కువ వినడానికి ఎవరూ నిలబడలేదు. ఆ రోజునుంచి రామస్వామి వెనక జనం పడ్డారు. కొందరు చుట్టరికం కలుపుకున్నారు, కొందరు కోడిని కోస్తామన్నారు. తిట్టినవాళ్ళూ ఉన్నారు. అందరిదీ ఒకటే కోరిక, మా మడిని మాత్రం సర్‌ప్లస్‌లో వేయకు.

రాములవ్వ కూడా అడిగింది. ఆమె మడి కాలువ అవతలే. చెంబెడు చల్ల తెచ్చి ఇచ్చి, నా సంగతి నీకు తెలుసు సారూ, నా చెరుకును లైన్లనే ఉంచు అని బతిమాలింది. రామస్వామి చల్ల తాగలేదు. చాలాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడి, లైన్లోనే ఉంచుతానన్నాడు. చివరలో వస్తుందని కూడా అన్నాడు. చివరో మొదలో, లైన్లో ఉంటే చాలనుకుని రాములవ్వ ఆ రోజు కడుపునిండా తిన్నది.

హోళి అయిపోయింది. ఉగాది దగ్గరికొచ్చింది. ఆర్డర్ రాలేదు. ఒక మధ్యాహ్నం మడిలోకి దిగి ఒక గడ విరిచి చూస్తే మొదలు వైపు తీపి బాగానే ఉంది గాని, పైన రెండు కణుపులు బెండులా తేలిపోయాయి. ఆకు గాలికి కాగితం లాగా చప్పుడు చేస్తున్నది. కాలువకు ఇంకొక్క తడి నీళ్ళు వదిలి కట్టేస్తారని చెప్పుకుంటున్నారు. ఆ తడికి ముందే చెరుకు నరికితేనే మొదళ్ళు మళ్ళీ చిగురేస్తాయి. లేకపోతే నిలబడ్డ చెరుకూ పోతుంది, దాని మొదళ్ళూ పోతాయి. గట్టు మీదినుంచి భూమన్న చూశాడు. ఏమీ అనలేదు. అననందుకే రాములవ్వకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆమె చెల్లెలు విమలమ్మ నిజామాబాదులో ఉంటుంది. భర్తకు గంజ్ మార్కెట్‌లో ధాన్యం అడ్తి దుకాణంలో గుమాస్తా పని, నలుగురు తెలిసినవాడు. అతనితో ఫ్యాక్టరీలో ఎవరికైనా చెప్పించి ఆర్డర్ ముందుకు జరిపించుకోవాలని రాములవ్వ బస్సెక్కింది.

వెళ్ళేసరికి చెల్లెలి భర్త దుకాణంలో ఉన్నాడు. విమలమ్మ వంటింటి గడపకు ఒరిగి కూర్చుని పుస్తకం చదువుతున్నది. పెండ్లికి ముందు పదో తరగతితో ఆగిన చదువు, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక మళ్ళీ పట్టుకుంది. ప్రైవేటుగా ఇంటర్ పరీక్షకు కట్టింది. ఒకచోట వేలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నది. మధ్యలో సర్‌ప్లస్ అన్నది. చెప్పులు విడుస్తున్న రాములవ్వ అట్లాగే ఆగిపోయింది.

"గా మాట నీకెవరు జెప్పిండ్రే?" అని అడిగింది.

విమలమ్మ నవ్వి, అర్థశాస్త్రంలో ఉందక్కా అన్నది. అక్క ముఖం చూసి నవ్వు ఆపేసింది. నీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, సంగతంతా విన్నది. విన్న తర్వాత పుస్తకం తీసి, కావలసినదానికంటే ఎక్కువగా ఉన్న సరుకు అని చదివి వినిపించింది.

 "కావాల్సినదానికంటె అంటే, ఎవలకు కావాల్సినదానికంటె?" అని రాములవ్వ అడిగింది.

విమలమ్మ పుస్తకంలో ఆ పేజీ, తర్వాతి పేజీ చూసింది. అంత వివరంగా ఏమీ లేదు. పుస్తకం మూసి పక్కన పెట్టి, తనే ఆలోచించి చెప్పింది. వాళ్ళ గల్లీలో పాలు పోసే ఆమె సంగతి చెప్పింది. ఆమెకు రెండు బర్రెలు ఒకేసారి ఈనాయి. గల్లీలో ఇండ్లకు పోయగా సగం క్యాను అట్లాగే ఉండిపోయేది. మొదటి రెండు రోజులు ఇంటింటికీ తిరిగి, ఇంకో గ్లాసు పోయించుకోండని బతిమాలింది. మూడోనాడు బస్టాండు దగ్గరి హోటల్‌కు తీసుకుపోయింది. ఇప్పుడు హోటల్ ఆయన ఇంకా తెమ్మంటున్నాడు.

"పాలైతే చెడిపోలే గద అక్కా," అన్నది విమలమ్మ. "గవే పాలు. మా గల్లీకి సర్‌ప్లస్. హోటలోనికి కాదు."

"మరి నా చెరుకు?"

"ఫ్యాక్టరీకి సర్‌ప్లస్ అయితదేమో. గానుగకు గాదు."

"గానుగ ఆడియ్యొద్దంటరు."

"లైన్ల ఉన్నన్ని దినాలు ఆడియ్యొద్దు. నాకు అక్కర లేదని ఆళ్ళే రాసిచ్చినంక ఇంకెందుకొద్దంటరు?"

 చెల్లెలు అన్నం వడ్డిస్తే రాములవ్వ సగం తిని, చెయ్యి కంచంలోనే పెట్టుకుని కూర్చుంది. రెండు నెలలుగా ఊరు ఊరంతా ఏ మాట తమ మీద పడకూడదని మొక్కుతున్నదో, ఆ మాట పడితే తప్ప తన చెరుకుకు దారి లేదు. తనే చల్ల చెంబు పట్టుకుని పోయి ఆ దారి మూసి వచ్చింది. చెల్లెలి భర్త వచ్చి, ఏం పని మీద వచ్చినవు వదినె అని అడిగితే, చెల్లెను చూసిపోదామని వచ్చానని చెప్పింది. విమలమ్మ తల వంచుకుని కూర గిన్నె సర్దింది. సాయంత్రం బస్సుకే రాములవ్వ తిరిగి వచ్చింది. దారిపొడుగునా బండ్ల వరస కనిపించింది. ఎండకు వాడిన చెరుకు మీద పడుకుని బండివాళ్ళు నిద్రపోతున్నారు.

రెండు రోజులకు రామస్వామి వచ్చాడు. చావడి దగ్గర జనం ఎప్పటిలాగే మూగారు. రాములవ్వ కొంగు బిగించి ముందుకు వచ్చింది.

"సారూ, నా చెరుకు సర్‌ప్లస్ల రాయి."

ఎవరో ఫక్కున నవ్వారు. అవ్వకు ఎండదెబ్బ తగిలిందన్నాడొకడు. సర్‌ప్లస్ అంటే చక్కెర బస్తా అనుకున్నదేమో అన్నాడింకొకడు. గుంపు వెనకనుంచి భూమన్న వచ్చి, ఇంటికి నడువు వదినె, నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవని మెల్లగా అన్నాడు. ఆమె కదలలేదు. లైన్లనే ఉంచమని మొన్న నువ్వే గద అడిగినవని రామస్వామి అన్నాడు.

"మొన్న తెల్వక అడిగిన. ఫ్యాక్టరీకి ఎక్కువైతే ఎక్కువైందని రాసియ్యి. గానుగకు ఎక్కువ గాలే."

రామస్వామి ఆమెను చూశాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. సైకిలు స్టాండు వేసి, చావడి అరుగు మీద కూర్చున్నాడు. రెండు నెలలనుంచి ఇంత మంది అడుగుతున్నారు, అడగవలసింది ఒక్కరూ అడగలేదన్నాడు. మరి నువ్వెందుకు చెప్పలేదని భూమన్న గద్దించాడు. చెప్పబోతే ఎవరు నిలబడ్డారన్నాడు రామస్వామి. అది నిజమే. ఆ పూట, ఆ ఊళ్ళో మొదటిసారి, అతను ఒక ఇంట్లో, రాములవ్వ ఇంట్లో, కూర్చుని చల్ల తాగాడు. ఫ్యాక్టరీ నుంచి వదిలిపెట్టినట్టు కాగితం తానే తెచ్చి ఇస్తానని చెప్పి, అన్న మాట ప్రకారం తెచ్చి ఇచ్చాడు. మిగతావాళ్ళు మాత్రం ఇవాళో రేపో ఆర్డర్ రాకపోదని లైన్లోనే ఉండిపోయారు.

ఊళ్ళో గానుగ అంటూ ఉన్నది లింబాద్రి దగ్గర ఒక్కటే. ముసలివాడు. ఫ్యాక్టరీకి ఊరు రిజర్వు కాకముందు చుట్టుపక్కల బెల్లం వండేది అతనే. గానుగ మూడు రోలర్లూ కొట్టంలో గడ్డి కింద పడి ఉన్నాయి. తీసి నూనె పెట్టి తిప్పితే తిరిగాయి. రసం కాచే పెనం మాత్రం తుప్పు పట్టి జల్లెడ అయింది. కొత్తది బోధన్‌లో దొరకాలంటే చేయించాలి, చేయించేసరికి కాలువ నీళ్ళు వచ్చి పోతాయి. అప్పుడు రాములవ్వకు పుట్టింటి కడాయి గుర్తొచ్చింది. అక్కడ పసుపు ఉడకబెట్టడం అయిపోయి ఉంటుంది. మనిషిని పంపితే తమ్ముడు బండి కట్టి తెచ్చి దింపిపోయాడు.

మడి గట్టున పొయ్యి తవ్వారు. కూలివాళ్ళు నరుకుతుంటే, ఎడ్లు గానుగ చుట్టూ తిరుగుతుంటే, రసం మట్టికుండల్లోకి దిగింది. లింబాద్రి సున్నం నీళ్ళు చిలకరించి, పైకి తేలిన మడ్డి తీసి, తెడ్డుతో కలుపుతూ పోయాడు. మంట రాములవ్వ చూసుకుంది. ఎన్నేండ్ల తర్వాతో ఆ చేతికి తన పని దొరికింది. పొయ్యిలో ఎప్పుడు ఎండిన చెరుకాకు సోగ వేయాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాకం చిక్కబడింది. బుడగలు పెద్దవయ్యాయి. కమ్మటి వాసన వచ్చింది. ఆ వెనకే ఇంకొక వాసన వచ్చింది.

లింబాద్రి ముక్కు ఎగబీల్చాడు. తెడ్డు ఎత్తి చూశాడు. పాకం బంగారం రంగులో లేదు. పెండ్లిపిల్ల పాదాల రంగులో ఉంది.

"ఇది బెల్లమా బిడ్డా, నలుగు పిండా?" అన్నాడు.

ఏండ్ల తరబడి పసుపు తాగిన ఇనుము అది. తమ్ముడూ తోమి తేలేదు, తొందరలో ఈమె కూడా తోమలేదు. ఉత్త నీళ్ళు తిప్పి పారబోసి పొయ్యెక్కించింది. పసుపు ఇంట్లో పుట్టినదానికి కడాయిలో పసుపు ఉండడం తప్పుగా తోచలేదు మరి. రాములవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని లింబాద్రి భయపడ్డాడు. భుజాలు కదులుతుంటే తెలిసింది, ఆమె నవ్వుతున్నది. పెనిమిటి పోయినప్పటినుంచి ఆమె అంత నవ్వడం అతను చూడలేదు. ఇద్దరూ పొయ్యి పక్కన కూర్చుని నవ్వారు.

ఆ మొదటి వాయి అమ్మకానికి పనికి రాదు. ముద్దలు చేసి ఇంటింటికీ పంచింది. దగ్గుకు మంచిదని ముసలివాళ్ళు దాచుకున్నారు. రాములవ్వ సర్‌ప్లస్ బెల్లం అని ఊరంతా వేళాకోళం చేసింది గాని ఎవరి ఇంట్లోనూ ముద్ద మిగల్లేదు. కడాయిని చింతపండు, బూడిద పట్టించి పొద్దుటినుంచి మాపటిదాకా తోమారు. ఒక వాయి నీళ్ళు కాచి పారబోశారు. రెండో వాయి బెల్లం ఎర్రగా, గట్టిగా, బెల్లం లాగా వచ్చింది. మడి ఖాళీ అయ్యేదాకా పొయ్యి ఆరలేదు. బండి కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు పోయే రోజున రాములవ్వ ఎడ్ల కొమ్ములకు పసుపు దారం కట్టి, చక్రం ముందు కొబ్బరికాయ కొట్టింది. గడపల్లోకి ఆడవాళ్ళు వచ్చారు. ఫ్యాక్టరీకి పోని బండికి ఈ తతంగం ఉంటుందా ఉండదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి శ్యామలమ్మ అనే పెద్దావిడ, పోయేది మన ఊరి చెరుకే గదనే అన్నది. ఆ మాటతో సరిపోయింది. బెల్లం ఆ రోజే అమ్ముడుపోయి బండి ఖాళీగా తిరిగి వచ్చింది. 

కాలువకు చివరి తడి వదిలారు. రాములవ్వ పార భుజాన వేసుకుని పోయి, నరికిన మొదళ్ళకు నీళ్ళు పెట్టుకుంది.

ఎండలు ముదిరాక ఫ్యాక్టరీ ఆ ఏటికి ఆడడం ఆపింది. లైన్లో మిగిలినవాళ్ళకు ఆర్డర్ రానే లేదు. ఉన్న చెరుకంతా వదిలేసినట్టు రామస్వామి వచ్చి చెప్పిపోయాడు. ఈసారి ఎవరూ అతని వెనక పడలేదు. ఒక సాయంత్రం రాములవ్వ, లింబాద్రి పొరుగు ఊరివాళ్ళ చెరుకు వండుతుండగా, గట్టు మీద బండి చప్పుడైంది. భూమన్న దిగాడు. బండినిండా చెరుకు. ఆకు ఎండినా గడలో ఇంకా పస ఉన్నట్టే ఉంది. 

 అతను పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నట్టు నిలబడ్డాడు, ఆ ఎండాకాలంలో. లింబాద్రితో పాతకాలపు పెనాల సంగతి మాట్లాడాడు. తర్వాత వదిన మడి వైపు తిరిగి చాలాసేపు చూశాడు. మొదళ్ళనుంచి జానెడు చిగుర్లు లేచి మడంతా పచ్చగా పరుచుకుని ఉంది. పక్కనే తన మడి గడ్డివాము రంగులో ఉంది.

"మాది గూడ సర్‌ప్లస్ల వడ్డది వదినె," అన్నాడు.

"పడని. పడితే ఏమైంది. ఆళ్ళ చెరుకు అయినంక నీది వండుదాం. బండి గా గానుగ పక్కకు కట్టు."

భూమన్న ఎడ్లను విప్పాడు. వాటికి నీళ్ళు చూపించి, తిరిగి వచ్చి, పొయ్యికి కాస్త దూరంగా గొంతుక్కూర్చున్నాడు. పెద్దమనుషుల ముందు తీసుకున్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఆమె ఎత్తలేదు. అతనే నేల మీద పుల్లతో గీస్తూ, వచ్చే ఏడు నీ మడిల ఏం పెడుతవని అడిగాడు.

రాములవ్వ చేతిలో సోగ అట్లాగే ఉండిపోయింది. 

"సగం చెరుకు," అన్నది. "సగం పసుపు."

"పసుపా? గీడ ఎవలు ఉడకవెడ్తరు?"

లింబాద్రి తెడ్డు చివర పాకం తీసి నీళ్ళ గిన్నెలో వేశాడు. రాములవ్వ వంగి, వేళ్ళతో ఆ చుక్కను ఉండ చేసి చూసింది. గట్టిగా నిలిచింది.

"కడాయి గీడనే ఉన్నది గద," అని, మరిదిని కాస్త జరగమని, పొయ్యిలోంచి మంట వెనక్కి లాగింది.